మూడో పిండం

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక నేను వంటింట్లో గిన్నెలు తోముతున్నాను. హాల్లో మా ఆయన, మా ఆడపడుచు భర్త కూర్చుని మానవజాతి భవిష్యత్తు తేలుస్తున్నారు.

"ఇన్నాళ్లూ ప్రకృతి ఎటు తోస్తే అటు వచ్చాం బావా. ఇకమీదట మన పరిణామాన్ని మనమే నడుపుకోవచ్చు. లోపం ఉందని తెలిశాక కూడా అదే డిజైన్ ఎవరైనా వాడతారా?" అంటున్నారు ఆడపడుచు భర్త. నేను ఆయన్ని అన్నయ్యగారూ అంటాను. వంతెనలు కట్టే ఇంజనీరు. దేని గురించి మాట్లాడినా కాసేపటికి అది వంతెన అయిపోతుంది.

"నడపగలమా అన్నది కాదు, నడపచ్చా అన్నది అసలు ప్రశ్న" అని మా ఆయన గంభీరంగా అన్నాడు. ఆ గాంభీర్యం చల్లారకముందే వంటింటి వైపు తిరిగి, "రెండు టీలు పెడతావా?" అని కేకేశాడు.

నేను సంతాన సాఫల్య కేంద్రంలో పిండాల మీద పనిచేస్తాను. పదకొండేళ్లుగా అండాన్నీ వీర్యకణాన్నీ కలిపేది ఈ చేతులే. ఐదో రోజున పిండానికి దెబ్బ తగలకుండా నాలుగైదు కణాలు తీసి, జన్యు పరీక్షకు పంపేది ఈ చేతులే. వాళ్లు మాట్లాడుకుంటున్న ఆ 'నడపడం' అనేది నిజంగా ఎక్కడైనా జరుగుతుంటే, అది రోజూ పొద్దున తొమ్మిదింటికి నా మైక్రోస్కోపు ముందు మొదలవుతుంది. అయినా హాల్లోంచి నా దాకా వచ్చిన ప్రశ్న టీ గురించే. పెళ్లయిన కొత్తలో మా ఆయన స్నేహితులకు నన్ను పరిచయం చేస్తూ "ల్యాబులో ఏదో చేస్తుంది" అనేవాడు. పదకొండేళ్లలో నేను సీనియర్ని అయ్యాను, ఇద్దరు జూనియర్లకు పని నేర్పాను. ఆ 'ఏదో' మాత్రం అలాగే ఉంది.

నా పక్కన నిలబడి కంచాలు తుడుస్తున్న అత్తయ్య చేతిగుడ్డ భుజాన వేసుకుని గుమ్మం దాకా వెళ్లింది.

"మీలో మీరు తేల్చుకోవడమెందుకురా? ఆ పని చేసేది ఈ అమ్మాయి కదా, దీన్ని అడగండి. టీ నువ్వు పెట్టు."

మా ఆయన నవ్వాడు. అత్తయ్య నవ్వలేదు. నా చేతికి గుడ్డ ఇచ్చి, హాల్లో ఖాళీ కుర్చీ చూపించింది. ఆ ఇంట్లో ఇద్దరు మగవాళ్ల మాటల మధ్య నేను కుర్చీ వేసుకుని కూర్చోవడం అదే మొదటిసారి.

"మనిషి ఎత్తు, తెలివి, ఇవన్నీ ఎంచుకోవచ్చట కదమ్మా?" అన్నారు అన్నయ్యగారు.

"అమ్మేవాళ్లు అలాగే చెబుతారండీ. వేల జన్యువులు తలో చెయ్యి వేస్తే ఒక ఎత్తు వస్తుంది. తెలివి సంగతి ఇంకా గందరగోళం. నాకు తెలిసింది చాలా చిన్న పని. ఒక ఇంట్లో ఒక జబ్బును ఆపగలం. అదీ ప్రతిసారీ కాదు."

ఒక ఇంట్లో అన్నానే గానీ, అది మా ఇల్లే. అత్తయ్య పెద్దకొడుక్కి ఆరేళ్ల వయసులో కండరాలు బలహీనపడటం మొదలైంది. పదేళ్లకి నడక ఆగిపోయింది. ఇరవై దాటకుండా పోయాడు. నేను ఆ ఇంటికి వచ్చేసరికి గోడ మీద ఫొటో మాత్రమే ఉంది. ఆ జబ్బు కొడుకులకు వస్తుంది, తల్లి దగ్గర్నుంచి వస్తుంది. మా ఆయన తప్పించుకున్నాడు. ఆయన చెల్లెలు చిట్టికి జబ్బు లేదు, కానీ తన పిల్లలకు ఇవ్వగలదు, వాళ్ల అమ్మలాగే.

అందుకే చిట్టి మా కేంద్రానికి వచ్చింది. అండాల కోసం మూడు విడతలు, రోజూ సూదులు పొడిపించుకుంది. చేతులు, పొట్ట కమిలిపోయి, స్కూల్లో పాఠం చెబుతూ కళ్లు తిరిగి కూర్చుండిపోయిన రోజులున్నాయి. మొత్తం మీద పరీక్షకు నిలిచినవి నాలుగు పిండాలు. మొదటి రెండూ మగవి, రెండింటికీ జబ్బుంది. మూడోది ఆడపిల్ల, తల్లిలాగే జబ్బు లేకుండా జబ్బును మోసేది. నాలుగోది ఆడపిల్ల, ఏ లోపమూ లేదు. నాలుగోదాన్నే ముందు గర్భంలో పెట్టారు. నిలవలేదు. చిట్టి ఆ వారమంతా స్కూలుకి సెలవు పెట్టకుండా వెళ్లింది.

ఆ ఆదివారం నాటికి ఇక మిగిలింది మూడోది. దాని గురించి డాక్టరమ్మ పిలిచిన రోజున అత్తయ్య కూడా వస్తానంది. చిట్టి, అన్నయ్యగారు ఇంకా దారిలో ఉన్నారు. నేను అత్తయ్యను ల్యాబు పక్కనున్న చిన్న గదిలో కూర్చోబెట్టి, తెర మీద నాలుగు ఫొటోలూ చూపించాను.

"ఇంతేనా?"

"ఇంతే అత్తయ్యా. ఉప్పు రవ్వ కంటే చిన్నది."

ఆవిడ కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూసింది. వేలు పెట్టి మొదటిదాన్ని చూపించింది. "మా పెద్దాడు కూడా ఒకప్పుడు ఇలాగే ఉండుంటాడు."

"ఉండుంటారు."

"అప్పుడు ఈ పరీక్ష ఉంటే, వాణ్ణి నేను పక్కన పెట్టేదాన్నా?"

పదకొండేళ్లలో ఎంతోమంది ఎన్నో అడిగారు. ఈ మాట ఎవరూ అడగలేదు. ఆవిడే చెప్పింది.

"పెట్టేదాన్నేమో. వాడి ఆఖరి రెండేళ్లూ చూశాను కదా, ఊపిరి కోసం ఎంత పెనుగులాడేవాడో. ఇంకో బిడ్డకి అది ఇవ్వమని నేను చెప్పలేను. కానీ వాడు లేకపోతే నేను నేనే కాదు. దుప్పటి మెలేసి వాణ్ణి లేపడం నేర్చుకున్నాను, రెండు గంటలకోసారి పక్కకి తిప్పేదాన్ని. కుట్టుమిషను ముందు కూర్చుంటే, వాడు పక్కన పడుకుని నాకు నవలలు చదివి వినిపించేవాడు. విలన్ మాటలొస్తే మీ మామయ్య గొంతు పెట్టేవాడు. రెండూ నిజమే అమ్మాయ్. ఏదో ఒకటే నిజమని ఎవరైనా అంటే, వాళ్లు వాణ్ణి ఎత్తుకోలేదన్నమాట."

నేను ఆవిడ భుజం వైపు చూశాను. కుడిభుజం ఎడమదాని కంటే కిందికి ఉంటుంది. ఇన్నేళ్లూ అది మిషను కుట్టడం వల్ల అనుకున్నాను. ఎన్ని సమావేశాలకు వెళ్లాను, ఎంతమంది పెద్దవాళ్ల ఉపన్యాసాలు విన్నాను! ఈ విషయం మీద ఇంత సూటిగా, ఇంత నిజాయితీగా మాట్లాడిన మనిషి నా పక్కనే పదేళ్లుగా కంచాలు తుడుస్తోంది. ఆవిడను కూడా ఎవరూ ఏమీ అడగలేదు. నేను కూడా.

డాక్టరమ్మ గదిలో అన్నయ్యగారు కాగితాలన్నీ ముందే చదువుకుని వచ్చారు.

"మూడోది ఆరోగ్యంగానే పుడుతుంది. కానీ రేపు దాని పిల్లలకి మళ్లీ ఇదే గొడవ కదండీ? ఎలాగూ ఎంచుకుంటున్నాం. ఇంకొక్కసారి ప్రయత్నించి, పూర్తిగా శుభ్రంగా ఉన్నదాన్నే ఎంచుకుందాం. ఈ వంశంలో ఇది ఇక్కడితో ఆగిపోవాలి."

ఆయన మాటలో దుర్మార్గం లేదు. పాతబడిన వంతెన కింద మనుషులు నలిగిపోతారన్న భయం ఉంది. డాక్టరమ్మ తల ఊపింది.

"శుభ్రంగా ఉన్నదా?" అంది చిట్టి. గొంతు పెంచలేదు. "నేనూ ఆ మూడోదాని లాంటిదాన్నే కదండీ. మా అమ్మా అంతే. నన్ను చూసి, నచ్చే చేసుకున్నారు. మా అమ్మమ్మ నాటికే ఎవరో కూర్చుని ఇది ఇక్కడితో ఆగిపోవాలి అనుకుని ఉంటే, ఇప్పుడు మీ పక్కన ఈ కుర్చీ ఖాళీగా ఉండేది."

అన్నయ్యగారు కళ్లజోడు తీసి చేత్తో పట్టుకున్నారు. "నేను ఆ ఉద్దేశంతో అనలేదు చిట్టీ."

"తెలుసు. జబ్బు ఆగాలనే నాకూ ఉంది. మా పెద్దన్నయ్యని నేనూ చూశాను. కానీ జబ్బుకీ మనిషికీ మధ్య గీత ఎక్కడ గియ్యాలో నేను చెబుతాను. సూదులు నాకు పొడుస్తున్నారు."

కాగితం తన వైపు లాక్కుని సంతకం పెట్టింది. కళ్లజోడు మళ్లీ పెట్టుకుని, అన్నయ్యగారు కూడా పెట్టారు.

మూడు వారాల తర్వాత, ఒక శుక్రవారం పొద్దున, ఆ పిండాన్ని గడ్డకట్టిన స్థితి నుంచి కరిగించాను. ముడుచుకుపోయిన ఆ చిన్న గోళం నా కళ్ల ముందే నెమ్మదిగా ఉబ్బి, గుండ్రంగా నిలబడింది. ఈ దృశ్యం కొన్ని వందలసార్లు చూశాను, ప్రతిసారీ నోరు తెరుచుకుని చూస్తాను. కోట్ల ఏళ్లు, ఎవరూ దారి చూపకుండా, తడుముకుంటూ ఇక్కడిదాకా వచ్చిన జీవం ఇది. ఇప్పుడు దానికి వెంట్రుకవాసి పక్కకి దారి మళ్లించగలుగుతున్నాం. ఎంత గొప్ప సంగతి! రేపు ఎవరైనా పుస్తకం రాస్తే యంత్రాల గురించి రాస్తారు, వాటిని కనిపెట్టినవాళ్ల గురించి రాస్తారు. పక్క గదిలో పంటి బిగువున నొప్పి భరిస్తూ పడుకున్న స్కూలు టీచరు గురించి రాయరు. సన్నని గొట్టంలోకి పిండాన్ని తీసుకుని గది దాటాను. డాక్టరమ్మ దాన్ని లోపల వదిలినప్పుడు స్కానింగు తెర మీద తెల్లగా ఒక మెరుపు చుక్క కదిలి ఆగింది. చిట్టి దాన్నే చూసింది.

ఈసారి నిలిచింది.

పాప పుట్టిన మూడో రోజున అందరం ఆసుపత్రి గదిలో ఉన్నాం. అన్నయ్యగారు పాపను ఒళ్లో పెట్టుకుని, పెళుసైన వస్తువేదో పట్టుకున్నట్టు కదలకుండా కూర్చున్నారు. ఉన్నట్టుండి తలెత్తి నన్ను అడిగారు. "ఈ సంగతి దీనికి ఎప్పుడు చెప్పాలమ్మా?"

నేను నోరు తెరిచేలోపు అత్తయ్య అంది. "మాటలొచ్చిన రోజు నుంచీ చెప్పాలి బాబూ. నాకు చెప్పేసరికి నా బిడ్డ నడక ఆగిపోయింది. అదీ చెప్పడం కాదు, తిట్టడం. నీ రక్తమే చెడ్డదన్నారు. దీనికి మాత్రం ముందే, మంచి మాటల్లో తెలియాలి. తెలిశాక ఏం చేసుకుంటుందో దాని ఇష్టం."

"పరీక్షలూ గిరీక్షలూ ఏమీ వద్దంటే?" అన్నాడు మా ఆయన.

"అదీ దాని ఇష్టమే."

పాప ఆవలించింది. నేను వెళ్లి దాన్ని ఎత్తుకున్నాను.

"దీనికి నేను చెబుతాను" అన్నాను.

పెళ్లయినప్పటి నుంచీ ఆ కుటుంబంలో నా మీద పడ్డ పనులకు లెక్కలేదు. నేనుగా అడిగి తీసుకున్నది అదొక్కటే.