కిటికీ పక్క మంచం

అత్తగారి గదిలోకి గాలి ఎక్కడినుంచి వస్తోందో కనిపెట్టింది కోడలే. పక్కకు జరిపే రెండద్దాల కిటికీ అది. మూసి ఉన్నా పరదా కదిలేది. మంచం దాన్ని ఆనుకునే ఉండటంతో ఆవిడ చెవులకు మఫ్లర్ చుట్టుకుని పడుకునేవారు. కొడుకు ఈ ఆదివారం చూస్తా, వచ్చే ఆదివారం చూస్తా అంటూ దాటేస్తున్నాడు. చివరికి కోడలే అంచుల్లో ఎండి చిట్లిన రబ్బరు పీకి కొత్తది తొడిగింది. ఇంకా సన్నగా గాలి తగులుతుంటే చెయ్యి పెట్టి వెతికింది. కిటికీ కింది గాడిలో, బయటివైపుకు, చిన్న చిన్న చీలికలు కనిపించాయి. దొరికారు దొంగలు అనుకుని సిలికాన్ ట్యూబు నొక్కి అన్నిటినీ పూడ్చేసింది.

"మా కోడలి పుణ్యమా అని ఇక గాలి కూడా కాలింగ్ బెల్ కొట్టే రావాలి," అంటూ అత్తగారు మఫ్లర్ మడిచి లోపల పెట్టేశారు.

ఆ వారంలోనే వానలు పట్టుకున్నాయి. ఒక పొద్దున పక్క సర్దుతుంటే దుప్పటీ పరుపూ ఒక వైపంతా తడిగా తగిలాయి. అత్తగారు స్నానానికి వెళ్లి ఉన్నారు. కోడలు తలెత్తి పరదా వైపు చూడనైనా లేదు. దుప్పటిని మునివేళ్లతో లాగి, ఉండచుట్టి, మొహం పక్కకు తిప్పుకుని వాషింగ్ మెషీన్లో పడేసింది.

మళ్లీ అలాగే జరిగినప్పుడు అత్తగారు గుమ్మంలో నిలబడి చూస్తున్నారు.

"నాకేం తెలియలేదే అమ్మాయ్."

"పర్వాలేదత్తయ్యా. పెద్దతనంలో ఎవరికైనా మామూలే. మీరేం మనసులో పెట్టుకోకండి."

చాలా మెత్తగా అంది. ఇంత ఓపిక ఉందా నాలో అని తనకు తానే ముచ్చటపడింది కూడా.

ఆ సాయంత్రం పరుపు మీద రబ్బరు షీటు పరిచింది. వంటింట్లో గొంతు తగ్గించి భర్తకు చెప్పింది. అతను "అయ్యో" అన్నాడు. ఆ తర్వాత తల్లి మంచం మీద కూర్చోవడం మానేసి, గుమ్మంలోంచే రెండు ముక్కలు మాట్లాడి వెళ్లిపోయేవాడు.

అత్తగారు పొద్దు వాలాక మంచినీళ్లు మానేశారు. సోఫా వదిలి ప్లాస్టిక్ కుర్చీకి మారారు. పక్కింటావిడ నడకకు పిలిస్తే మోకాళ్ల నొప్పులన్నారు.

ఒక మధ్యాహ్నం గాలివాన. కిటికీ సరిగ్గా వేసుందో లేదోనని కోడలు వెళ్లి పరదా తీసింది. కింది గాడి నిండా నీళ్లు. బయటికి దారి లేక లోపలి అంచు పొర్లి, గోడ మీదుగా పరుపు మీదికి దిగుతున్నాయి. అత్తగారు పొద్దుట్నుంచీ ఈ గదిలోకి రానేలేదు.

కోడలు మంచం మీదుగా కిటికీ వైపు వంగింది. జడలోంచి పిన్ను లాగి సిలికాన్‌ను పొడిచింది. అది ఊడగానే నీళ్లు బుడబుడమంటూ బయటికి పోయాయి. ఆ చీలికలున్నది అందుకే.

మిగిలినవీ పీకేసి ఊరుకోవచ్చు. పరుపు ఆరిపోతుంది. అత్తయ్యకు తగ్గిపోయింది అనుకుంటారు అందరూ. ఆ ఆలోచన వచ్చినందుకు చెవులు వేడెక్కాయి.

ముందు గదిలో అత్తగారు కుర్చీలో తువ్వాలు మడిచి వేసుకుని, దాని మీద కూర్చుని ఉన్నారు.

"అత్తయ్యా, అది మీరు కాదు. కిటికీ. నీళ్లు పోయే దారి నేనే మూసేశాను. వాన నీళ్లు మీ పక్క మీదికి వచ్చాయి."

అత్తగారు కోడలి తడి చేతులకేసి చూశారు.

"వాసన లేదే అనుకున్నాను," అన్నారు.

"మరి ఆ మాట అనలేదేం?"

"నువ్వు కసురుకుని ఉంటే పోట్లాడేదాన్నే. అంత మెత్తగా చెప్పావు. ఇంత మెత్తగా చెప్పిందంటే నిజమే అయ్యుంటుందనుకున్నాను."

కోడలు తడి చేతులు తుడుచుకుంది.

"వాడికి చెప్పావుగా?"

"చెప్పాను."

"అదే, గుమ్మం దాటి రావడం లేదు," అన్నారు అత్తగారు.

కోడలు అక్కడే నిలబడి, ఆఫీసులో ఉన్న భర్తకు ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి జరిగింది చెప్పింది. అతను పెద్దగా నవ్వాడు.

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది! సరేలే, అమ్మతో మాత్రం అనకు. లేనిపోని బాధ. ఎలాగూ షీటు కొన్నాంగా, ముందుముందు పనికొస్తుంది."

కోడలు తలెత్తలేకపోయింది.

"వింటున్నారండీ. ఇక్కడే ఉన్నారు."

నవ్వు ఆగిపోయింది. "అమ్మా" అని వినపడింది. ఇంకోసారి వినపడింది.

"పనిలో ఉన్నాడు, పెట్టెయ్ అమ్మాయ్," అన్నారు అత్తగారు.