బొమ్మ లేని డప్పు

క్లేటన్ మామయ్య చనిపోవడానికి రెండేళ్ల ముందు ఆయన పనిషెడ్డు కాలిపోయింది. మా వంశం డప్పు కూడా అందులోనే బూడిదైందని పిన్ని కొడుకు డెల్బర్ట్ చెప్పాడు. "పొయ్యి ఆర్పడం మర్చిపోయావు మామా, పోనీలే" అని పైగా ఓదార్చాడు. మా వంశం గుర్తయిన ఎలుగుబంటి బొమ్మ ఉన్న ఆ డప్పు అమ్మమ్మ అన్నగారి కాలం నాటిది. ఆ తర్వాత మామయ్య పాట ఎత్తలేదు. "నా చేతులతో నేనే తగలబెట్టుకున్నానే లోర్నా" అంటూనే పోయాడు.

ఆయన పోయాక వచ్చిన శీతాకాలం పంటి నొప్పికి జూనో పట్నం వెళ్లాను. అక్కడ పాత వస్తువులు కొని అమ్మే ఒక దుకాణం గోడ మీద ఫోటో కనబడింది. మా డప్పు పట్టుకుని పళ్లికిలిస్తున్న డెల్బర్ట్. కింద తేదీ, షెడ్డు కాలడానికి ఎనిమిది రోజుల ముందుది. డప్పు ఎవరు కొనుక్కుపోయారో దుకాణంవాడికి గుర్తులేదు. బతిమాలి ఆ ఫోటో తెచ్చుకున్నాను.

మా ఊరు హూనా తిరిగొచ్చాక ఈ సంగతి ఎవరితోనూ అనలేదు. మామయ్య పోయిన ఏడాదికి పెట్టే విందుకి కొత్త డప్పు చేస్తానన్నాను, అంతే.

జింక తోలు నానబెట్టి, రోజుల తరబడి వెంట్రుకలు గీకాను. గీకిన ప్రతిసారీ డెల్బర్ట్ మొహమే గుర్తొచ్చేది. దేవదారు పలకను ఆవిరి పట్టి గుండ్రంగా వంచాను. తోలు కప్పి, పచ్చితోలు వారులతో వెనక బిగించాను. కసికొద్దీ లాగి లాగి, పొయ్యి దగ్గర ఆరబెట్టాను. తెల్లారేసరికి నిలువునా చీలింది. మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి కోపాన్ని పంటి బిగువున అణచుకుని, నీడన ఆరనిచ్చాను.

ఒకరోజు డెల్బర్ట్ వచ్చాడు. "భలే కుదిరిందక్కా! ఎలుగుబంటిని నేను గీయనా?"

"బొమ్మ సంగతి నేను చూసుకుంటాలే. విందులో వాయించేది మాత్రం నువ్వే."

వాడు ఉబ్బిపోయాడు.

విందు రోజు మేం సంబంధాలు కలుపుకునే కాకి వంశం వైపు వియ్యాలవారంతా ఎదురు వరసల్లో కూర్చున్నారు; ఇలాంటి విందుల్లో మాకు సాక్షులు వాళ్లే. ముసుగు తీసి డప్పు డెల్బర్ట్ చేతికిచ్చాను. తోలు మీద ఏమీ లేదు.

కాకి వైపు పెద్దాయన సైలస్ ముందుకు వంగాడు. "ఏమ్మా, మీ ఎలుగుబంటి ఏదీ?"

"మా తమ్ముణ్ణి అడగండి బాబాయ్. అమ్ముకున్నది వాడే. మామయ్య మాత్రం తనే తగలబెట్టానని ఏడుస్తూ పోయాడు."

ఫోటో చేతులు మారుతూ వరసలన్నీ తిరిగింది.

"అక్కా, అప్పుడు నా పరిస్థితి..." అన్నాడు డెల్బర్ట్.

"మామయ్యకి చెప్పుకోవాల్సింది ఆ మాట."

"చూశాం, విన్నాం" అన్నాడు సైలస్. సాక్షులు ఆ మాట అన్నాక ఇక తిరుగులేదు. డెల్బర్ట్ డప్పు బల్ల మీద పెట్టేసి బయటికి నడిచాడు. నా గుండెల్లో ఇన్నాళ్ల బరువు దిగింది. అబద్ధమెందుకు, హాయిగా ఉంది.

అప్పుడు ఐరీన్ పిన్ని లేచింది. "వాణ్ణి నాలుగు గోడల మధ్య చంపినా ఊరుకునేదాన్నే. వియ్యాలవారి ముందా?" అని కొడుకు వెనకే వెళ్లిపోయింది.

వాడు మర్నాటి ఓడలో ఊరొదిలాడు. పిన్ని ఇప్పటికీ నా గుమ్మం తొక్కదు. అందుకు బాధే. చేసిన పనికి మాత్రం కాదు.