కప్ప తీసి పెట్టు

"బాయికాడ కప్ప తీసి పెట్టమన్నడు నీ కొడుకు. రేపు పొద్దుగాల వస్తడట" అని బుగ్గమ్మ చెవిలో చెప్పి, గడ్డిమోపు నెత్తినెత్తుకుని వెళ్ళిపోయింది రావిర్యాల మరియ.

కొడుకు సిద్దయ్య దళంలో కలిసి రెండేళ్ళు. రజాకార్లు పోయారు, పోలీసు యాక్షన్ అయింది, అయినా వాడు ఇల్లు చేరలేదు. ఇబ్రహీంపట్నంలో దిగిన మిలిటరీ వాడి కోసం పల్లెలు జల్లెడ పడుతోంది. ఇంత గండంలో కప్పెందుకని వేరే తల్లయితే అనుకునేది. బుగ్గమ్మ అనుకోలేదు. ఆరేళ్ళప్పుడు వాడు బావి రాళ్ళ సందులో రంగుల కప్పను చూసి, అది కావాలని ఏడ్చాడు. విషమేమోనని ఆమె వీపు మీద ఒకటిచ్చి ఈడ్చుకొచ్చింది. ఆ దెబ్బ వాడు మరిచాడేమో గానీ, ఆమె మరవలేదు.

ఆ సాయంత్రమే బావిలో దిగి, తడి రాళ్ళు తడిమి అలాంటి కప్పనే పట్టుకుంది. పట్టాక చూస్తూ కూర్చుండిపోయింది. కాటుక నలుపు ఒంటి మీద ఇటుక రంగు మచ్చలు, రెండు పక్కలా ఒకే తీరు; ముగ్గులేసే చేతికి కూడా అంత ఒద్దిక రాదు. ఇంత చక్కనిదాన్ని అడిగినందుకా పసివాణ్ణి కొట్టానని ఏడ్చింది. ముంతలో తడిమన్ను వేసి, కప్పను అందులో ఉంచి, చిల్లుల మూత పెట్టి, బావి గట్టున దించింది. పక్కనున్న కొట్టం తాళం వైపు చూడనైనా లేదు.

మర్నాడు ఎండెక్కాక సద్దిమూటతో వెళ్ళేసరికి కొట్టం తలుపు విరిగి పడి ఉంది. నేల నిండా బూట్ల అచ్చులు.

"అవ్వా" అని బావిలోంచి పిలుపు. సిద్దయ్య రాళ్ళ అరలో ముడుచుకుని ఉన్నాడు, ఒళ్ళో ముంత.

"నేను తీయమన్నది తాళంకప్ప. కొట్టంల పండుకుందామనుకున్న" అన్నాడు మెట్లెక్కి వస్తూ. "తాళం ఉండె. బాయిల దిగిన. అంతల మిలిటరోళ్ళొచ్చి తలుపు పలగ్గొట్టిన్రు. బాయిల తొంగి చూసిన్రు గని, అరల చీకటి. పోయిన్రు."

బుగ్గమ్మ నెత్తి కొట్టుకుంది. "మాట సక్కగ ఇననైతి బిడ్డా. నిన్ను సావు ముంగట నిలబెడితి."

"సక్కగ ఇంటే కొట్టంల దొరుకుతుంటి గదనే."

ఆమె సద్దిమూట విప్పింది. వాడు గబగబా నాలుగు ముద్దలు మింగి, నాదర్‌గుల్ దారి వైపు ఒకసారి చూసి లేచాడు.

"మళ్ళ మాట పంపుత అవ్వా. గప్పుడు గూడ తప్పే ఇను."