లొట్లు దించిన తాళ్లు

తుఫాను తీరం దాటిందని టీవీలో చెబుతుంటే సాయిలు తల తిప్పి కూడా చూడలేదు. బీర్పూర్ దగ్గరి పల్లెలో పుట్టి పెరిగినవాడు, సముద్రాన్ని ఏనాడూ చూసింది లేదు. ఎక్కడి తీరం, ఎక్కడి తాను! మర్నాటి రాత్రంతా కుండపోత. తెల్లారి చూస్తే వాగు రెండు ఒడ్లనూ కోసుకుపోయింది. అవతలి ఒడ్డున ఊరి దొర జగపతి రావు పొలంలో పెద్ద ముక్క, మోటారు గదితో సహా, నీళ్లలో కలిసింది. ఇవతల, కల్లు గీసుకునేందుకు గౌడ సంఘం పంపకంలో సాయిలుకు వచ్చిన తాళ్లలో సగం కూలి వాగులో కొట్టుకుపోయాయి. మిగిలిన సగం వేళ్లు బయటపెట్టుకుని వాగు మీదికి ఒరిగాయి. అతని బతుకుదెరువంతా ఇక ఆ సగమే.

ఒడ్డున నిలబడి చూశాడు. ఏడుపొస్తుందనుకున్నాడు, రాలేదు. కోపం కూడా రాలేదు. లోపల ఏమీ కదల్లేదు. చేతులు మాత్రం వాటి పని అవి చేసుకుపోయాయి. నడుముకు గీత కత్తుల ముస్తాదు కట్టుకుని, చెట్టెక్కే మోకు వేసుకుని, ఒరిగిన చెట్లన్నీ ఎక్కాడు. గెలలు గీశాడు. పగిలిన కల్లు కుండల, ఆ లొట్ల స్థానంలో కొత్తవి కట్టి దిగాడు. తాటి గెలకు రోజూ కత్తి తగలాలి. తగలకపోతే బిగుసుకుపోతుంది, ఆ కాలానికి ఇక కల్లు పారదు. అందుకే గీతపనివాళ్లు పెళ్లయినా చావయినా ముందు చెట్టెక్కి దిగాకే మిగతా పని చూస్తారు.

పెళ్లాం ముత్తమ్మ ఒడ్డుకు వచ్చి నెత్తి కొట్టుకుంది. "గా చెట్టు కూలితె నువ్వు గూడ వాగుల వడి పోతుంటివి. ఏం మనిషివయ్యా?"

"గియ్యకపోతె ఎండుతయి గదనే" అన్నాడు సాయిలు.

కోసుకుపోయిన ఒడ్లకు సర్కారు రాళ్ల కట్ట కడుతుందని కబురొచ్చింది. సర్వేకు మానస అనే ఇంజనీరు వచ్చింది. చిన్న వయసు, చెప్పుల నిండా బురద. ఆమె ఫోనులో ఏదో యాప్ ఉంది. ఒడ్డు మీద ఏముందో ఫొటో తీయాలి, నష్టం ఉందో లేదో నొక్కాలి. జగపతి రావు పొలం దగ్గర ఉందని నొక్కింది. సాయిలు తాళ్ల దగ్గరకు వచ్చి తలెత్తి చూసింది. లొట్ల నిండా కల్లు నురగ కడుతోంది.

"చెట్లు బాగనే ఉన్నయి గద కాకా? కల్లు గూడ పారుతంది."

"ఒడ్డు వోయింది గద మేడం. ఇంకో వానకు గివి ఉండయి."

"ఒడ్డు మీద ఉన్నదానికి నష్టమైతెనే గీ యాపుల పడుతది కాకా" అని చెప్పి, నష్టం లేదని నొక్కింది. అంటే ఇవతలి ఒడ్డుకు కట్ట లేనట్టే.

ఆ సాయంత్రం కల్లుకు వచ్చిన జగపతి రావు సంగతంతా విని సాయిలును తిట్టాడు. పాపం, మంచికే తిట్టాడు. "పిచ్చోడా, సర్వే ముంగట లొట్లు కడుతరార? దించెయ్. మల్లొకసారి రమ్మని నేను చెప్త. వాళ్లు వచ్చేదాక చెట్టెక్కకు. నష్టపోయినోడు నష్టపోయినట్టు కనవడాలె."

"నాలుగొద్దులు గియ్యకుంటె గెలలు వోతయి దొరా."

"గెలలు వోతె మల్ల అస్తయి. ఒడ్డు వోతె అస్తదా?"

మాట సబబుగానే ఉంది. సాయిలు లొట్లు దించాడు. మానస రేపు వస్తానంది. ఆ రేపు మీటింగులో పోయింది. తర్వాత జీపు లేదన్నారు. ఆ తర్వాత పైనుంచి ఉత్తర్వు రావాలన్నారు. సాయిలు పొద్దున్నే లేచి చెట్ల కింద కూర్చునేవాడు. ఎక్కాలని చేతులు గుంజేవి. గెలలు ముందు వాడాయి, తర్వాత నల్లబడ్డాయి. అప్పటికి అవతలి ఒడ్డున కట్ట పని మొదలైపోయింది.

చివరికి మానస వచ్చింది. తలెత్తి చూసి ఫొటో తీసింది.

"ఎండిపోయినయేంది కాకా? చెట్లు చచ్చిపోతె కాపాడేటందుకు ఏం లేదని పడుతది గద?"

"చెట్లు సావలే మేడం. మీరు అస్తరనే గీసుడు బంజేసిన."

ఆ పిల్ల ఫోను దించి అతని ముఖంలోకి చూసింది. "నాకు సమజైంది కాకా. కని గది రాసేటందుకు గీ యాపుల జాగ లేదు."

వింటున్న మనకు ఒళ్లు మండుతుంది. సాయిలుకు మండలేదు. "సరే మేడం" అన్నాడు. ఇంటికి పోతే ముత్తమ్మ ఏడ్చింది, సర్కారును తిట్టింది, దొరను తిట్టింది, చివరికి మొగుణ్ణీ తిట్టింది. అతను కూర్చుని విన్నాడు, పెట్టింది తిన్నాడు, పడుకున్నాడు.

జగపతి రావుకు మనసు ఆగలేదు. కాంట్రాక్టరుతో మాట్లాడి సాయిలును కట్ట పనిలో పెట్టించాడు. సాయిలు రోజూ వాగు దాటిపోయి రాళ్లు మోశాడు. కట్ట లేస్తున్నకొద్దీ వాగు ఆ ఒడ్డును వదిలి ఇవతలికి ఒరుసుకోవడం అతనికి కనబడుతూనే ఉంది. ఇంకో రాయి నెత్తికెత్తుకునేవాడు. అంతకన్నా చేసేదేముంది?

ఇంకో వాయుగుండమన్నారు. ఆ రాత్రి ఎగువన వాన దంచింది. పొద్దున అతను వాగు దాటి పనిలోకి దిగాక నీళ్లు ఎర్రగా వచ్చి కొత్త కట్టకు కొట్టుకుని, అటు నుంచి మళ్లి ఎదుటి ఒడ్డున సాయిలు తాళ్ల మొదళ్లను తవ్వుతున్నాయి. ముందు ఒక చెట్టు నెమ్మదిగా వంగి పడింది. దాని వెనకే ఇంకొకటి.

బోయినపల్లి నుంచి పనికొచ్చిన మేస్త్రీ విఠల్ తాపీ ఆపి అటు చూశాడు. "మన కట్ట గట్టిగ నిలవడ్డదే" అని మురిసి, మరో చెట్టు పడేసరికి "అరెరె, ఎవలియి గా తాళ్లు, పాపం?" అన్నాడు.

సాయిలు నెత్తి మీది రాయిని దించి అతనికి అందించాడు.

"ఎవలియో" అన్నాడు.