డ్రమ్ములో దిండు

పెద్ద డ్రమ్ములో దిండు కుక్కమని చెప్పడానికి చిన్నమామగారు వచ్చినప్పుడు ఇస్త్రీ అక్క చేతిలో కాలుతున్న ఇస్త్రీపెట్టె ఉంది. ఆవిడ దాన్ని పక్కన పెట్టడం ఆయన అదృష్టం.

"మళ్ళీ చెప్పండి," అంది.

"లోపల దిండ్లు కుక్కమ్మాయ్. సౌండు బయటికి రాకూడదు. నువ్వు మాత్రం ఎప్పట్లాగే కూర్చో. చెయ్యెత్తు, దించు. బీటు సంగతి మొన్న కొన్న కరెంటు బీటుపెట్టె చూసుకుంటుంది."

"చెయ్యెత్తి దించడానికి నేనెందుకు చిన్నమామయ్యా? గేటు దగ్గర అడ్డకర్ర ఉందిగా. రోజంతా అదే పని దానికి. తెచ్చి కూర్చోబెట్టండి."

చుట్టూ ఇస్త్రీ బల్లల దగ్గర ఆడవాళ్ళు నవ్వారు. చిన్నమామగారు నవ్వలేదు.

అది ఆసుపత్రుల దుప్పట్లూ హోటళ్ళ బల్లగుడ్డలూ ఉతికే పెద్ద లాండ్రీ. పనివాళ్ళందరికీ కలిపి ఒక బ్యాండు. ఏటా లాండ్రీ వార్షికోత్సవానికి, బట్టలారేసే రేకుల షెడ్డు ఖాళీ చేసి అందులో వాయిస్తారు. చిన్నమామగారు బాయిలర్ చూస్తాడు, బాకా ఊదుతాడు, బ్యాండుకి పెద్ద. ఇస్త్రీ అక్క మొగుడికి స్వయానా బాబాయి. పెద్ద డ్రమ్ము ఆవిడ మామగారిది. ఆయన చెయ్యి లేవడం మానేసిన రోజున డ్రమ్ము కొట్టే గుండుకర్ర తెచ్చి కోడలి ఒళ్ళో పడేశాడు. కొడుకు ఉన్నాడు కదా అని ఎవరో అంటే, "వాడు నడిచేటప్పుడే అడుగు తప్పుతాడు" అన్నాడట. అప్పట్నుంచీ కొడుకు తాళాలు కొడుతున్నాడు, అదీ పెళ్ళాం చెయ్యి చూసి.

"డ్రమ్ము మీద లాండ్రీ పేరు రాసుంది," అన్నాడు చిన్నమామగారు. "అది స్టేజీ మీద కనబడాలి. వినబడనక్కర్లేదు. పోయినేడు ఏమైందో గుర్తుందా? క్లారినెట్ తాత ఊదింది ఒక్కళ్ళకీ వినబడలేదు. నువ్వు బూమ్మని మొదలెడితే ఆ బూమ్ము అయ్యేసరికి పాట అయిపోతోంది."

ఆ మాట మాత్రం నిజం. ఆ రేకుల కింద డ్రమ్ము మోత దిగకుండా వేలాడుతుందని ఆవిడకీ తెలుసు. తన చెవులతో తనే విని, వినలేదనుకుంది.

"అయితే మోత తగ్గిస్తాను. నన్నెందుకు తీసెయ్యడం?"

"ఎవరు తీసేస్తున్నారు? కూర్చోమంటున్నాగా."

"దిష్టిబొమ్మలా."

"వచ్చే ఏడాదికి దాన్ని ఎలాగూ సామాన్ల గదిలో పెట్టేస్తాం. ఈ ఒక్కసారికి గొడవ చెయ్యకు. దిండు కుక్కు. నేనొచ్చి చూస్తాను." అని బాయిలర్ గదివైపు వెళ్ళిపోయాడు.

ఆవిడ ఇస్త్రీపెట్టె అందుకుంది. ఆ పూట మడతపడ్డ దుప్పట్ల అంచులు కత్తుల్లా ఉన్నాయని తర్వాత అందరూ చెప్పుకున్నారు.

సెలవు రోజున డ్రమ్ముని ముందుగదిలో నిలబెట్టింది. గది చిన్నది. డ్రమ్ము వచ్చాక మనిషి పక్కకి తిరిగి నడవాలి. మొగుడు మంచమెక్కి కాళ్ళు ముడుచుకున్నాడు.

"బాబాయి కుక్కమన్నాడు కదే. కుక్కేస్తే పోలా?"

"కుక్కుతాను. ఏం కుక్కాలో, ఎంత కుక్కాలో ఆయన చెప్పలేదుగా. అది నా ఇష్టం."

"ఆయనకి తెలిస్తే నన్ను తాళాల్లోంచి కూడా పీకేస్తాడు."

"పీకితే ఇద్దరం ఇంట్లో కూర్చుందాం. బట్టలు మడతపెట్టడం నేర్పిస్తాలే."

వంటింట్లోంచి అత్తగారు అరిచింది. "మొగుడూ పెళ్ళాం ఏదన్నా చేసుకోండి. నా దిండు జోలికొస్తే మాత్రం ఊరుకోను."

ఇస్త్రీ అక్క అప్పటికే ఆ దిండు తీసేసింది. ఇంట్లో కాస్త బరువున్న దిండు అదొక్కటే. మరలు విప్పి, రింగు తీసి, తోలు పక్కన పెట్టి, దిండుని లోపలికి తోసి, మళ్ళీ బిగించి ఒక దెబ్బ వేసింది.

"అదేంటే, బస్తా ఎవరు దించారు?" అంది అత్తగారు లోపల్నుంచి.

నిజంగానే బస్తా దించినట్టుంది. మోత పోయింది, దాంతోపాటు ప్రాణం కూడా పోయింది. చిన్నమామగారికి కావలసింది సరిగ్గా ఇదే. అందుకే ఆవిడ దిండు లాగేసింది. అత్తగారు వచ్చి దాన్ని చంకలో పెట్టుకుని, దులుపుకుంటూ, గొణుక్కుంటూ లోపలికి వెళ్ళింది.

పాత కాగితాలు ఉండలు చేసి వేసింది. డ్రమ్ములో ఎలకల పెళ్ళి జరుగుతున్నట్టుంది. దుప్పటి చుట్టచుట్టి రెండు తోళ్ళకీ ఆనేటట్టు పెట్టింది. అది కాస్త నయం. కానీ గుండుకర్ర తోలు మీద పడి అక్కడే కూలబడుతోంది, తిరిగి లేవడం లేదు. చేతికి తెలుస్తుంది అది. దెబ్బ వేశాక కర్ర తనంతట తను వెనక్కి రావాలి. రాకపోతే రెండో పాటకే భుజం పట్టేస్తుంది.

దుప్పటి సగానికి తగ్గించింది. మళ్ళీ బూమ్మంది. తువ్వాలు మడిచి బయట అంటించింది. మూడు దెబ్బలకే ఊడి మొగుడి మొహం మీద పడింది.

"నాకు అనిపించేదేమిటంటే," అన్నాడు మొగుడు తువ్వాలు తీసుకుంటూ, "నువ్వు కొట్టకుండా ఉంటే అదే బావుంటుంది."

ఆవిడ వాడికేసి చూసింది. వాడు తువ్వాలు మళ్ళీ మొహం మీద కప్పుకున్నాడు.

కాసేపు డ్రమ్ముకి వీపు ఆనించి నేల మీద కూర్చుంది. కోపంగా ఉంది, ఎవరి మీదో సరిగ్గా తెలియకుండా. తెలిసినా వరస పెద్దది. కుక్కమన్నాయన, కుక్కేస్తే పోలా అన్నాయన, పోయినేడు వినీ విననట్టు ఊరుకున్న తను. డ్రమ్ము పొట్ట నింపితే గొంతు పోతోంది, నింపకపోతే గొంతు ఆగడం లేదు. పొట్టలో ఏం పెట్టాలన్నదే కదా ఇందాకట్నుంచీ గొడవ. మరి పొట్టని వదిలేసి, తోలునే కొంచెం పట్టుకుని ఉంచితే?

మామగారు ఊరేగింపుల్లో కొట్టేటప్పుడు రెండోవైపు తోలు మీద ఎడమ అరచెయ్యి ఆనించి ఉంచేవాడు. దెబ్బ పడగానే నొక్కేవాడు, కొంచెమే. ఆయన చెయ్యి పెద్దది. తన చెయ్యి అంత లేదు.

ఇస్త్రీ బల్లల మీద గుడ్డ కింద కంబళి పరుస్తారు. మాడిపోయిన కంబళి ముక్కలు పారెయ్యకుండా తెచ్చుకుంటుంది ఆవిడ, గిన్నెలు దించుకోవడానికి. ఒక పాత ముక్క తీసి చేత్తో తడిమింది. ఏళ్ళ తరబడి వేడికీ బరువుకీ అణిగి అణిగి అది గట్టిపడింది. దుప్పటిలా ఉబ్బదు, గుడ్డలా జారదు. బెత్తెడు వెడల్పున పొడుగ్గా కత్తిరించింది. తోలు కింద, మధ్యలో కాకుండా ఒక పక్కకి, ఈ అంచునుంచి ఆ అంచుకి గట్టిగా లాగిపెట్టి, పైన తోలు వేసి మరలు బిగించింది. పొట్టలో ఏమీ పెట్టలేదు. రెండోవైపు కూడా అలాగే చేసింది, ఇంకాస్త సన్నంగా.

గుండుకర్ర ఎత్తింది. మూడు దెబ్బలు వేసింది.

వంటింట్లోంచి అత్తగారు చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, వాళ్ళిద్దరినీ దాటుకుని, వీధితలుపు తీసింది. అటూ ఇటూ చూసింది. వెనక్కి తిరిగి కసిరింది.

"తలుపు అట్లా బాదుతుంటే ఒక్కళ్ళూ లేవరేం? వచ్చినవాళ్ళు వెళ్ళిపోయారు చూడు!"

మొగుడు తువ్వాలు తీసి పెళ్ళాం వంక చూశాడు. ఆవిడ మళ్ళీ మూడు దెబ్బలు వేసింది. అత్తగారు ఈసారి డ్రమ్మునే చూస్తోంది కాబట్టి మోసపోలేదు గానీ, చెయ్యి మాత్రం గడియ మీదకి వెళ్ళింది.

"ఓసి నీ అసాధ్యం కూలా," అంది.

సాయంత్రం చిన్నమామగారు తనిఖీకి వచ్చాడు. కుర్చీ లేదు కాబట్టి నిలబడే ఉన్నాడు. అత్తగారు డ్రమ్ము పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని ఉంది.

ఆయన వేళ్ళ కణుపులతో తోలు మీద కొట్టాడు. డ్రమ్ము దుప్ అని ఊరుకుంది. మళ్ళీ కొట్టాడు. మళ్ళీ దుప్ అంది. మోత లేదు, సాగదీత లేదు. ఆయన మొహం విచ్చుకుంది. మోత లేకపోతే గొంతు లేనట్టే అనుకున్నాడు ఆయన. ఆయన అనుకోవడంలో ఇస్త్రీ అక్క తప్పేమీ లేదు.

"ఊఁ. ఇప్పుడు నోరు మూసుకుంది. ఏం పెట్టావమ్మాయ్?"

ఇస్త్రీ అక్క నోరు తెరిచేలోగా అత్తగారు అందుకుంది. "నా దిండు పెట్టింది మరిదీ. మెడ పట్టేసి చస్తున్నాను. నీ బ్యాండు కోసం నా నిద్ర పోయింది."

"పోనీలే వదినా, వార్షికోత్సవం అయ్యేదాకా ఓర్చుకో."

"ఓర్చుకోక ఏం చేస్తాను."

ఆయన వెళ్ళేదాకా ఆవిడ పీట మీంచి లేవలేదు. వెళ్ళాక లేచి, కిందున్న దిండు తీసి దులిపింది. కోడలు ఆవిడ వంక చూసింది.

"ఏంటా చూపు? నీ మీద ప్రేమ అనుకున్నావా? మా ఆయన డ్రమ్ము అది. సామాన్ల గదిలో పెడతాడట, వీడి మొహం."

వార్షికోత్సవం రోజున షెడ్డు నిండిపోయింది. గాలికి దుమ్ము రేగుతోందని పెద్ద తలుపు మూసేశారు. అత్తగారు తలుపు పక్కన చివరి బల్ల మీద కూర్చుంది. స్టేజీ మీద పెద్ద డ్రమ్ము, దాని మీద లాండ్రీ పేరు, వెనకాల ఇస్త్రీ అక్క, పక్కన తాళాలతో మొగుడు. చిన్నమామగారి పక్కన ముక్కాలిపీట మీద బీటుపెట్టె. ఆయన మీట నొక్కాడు, బాకా ఎత్తాడు.

మొదటి పాటకి ఇస్త్రీ అక్క చెప్పినట్టే చేసింది. కర్ర ఎత్తింది, దించింది, తోలుకి వెంట్రుకవాసి దూరంలో ఆపింది. నటించడం కొట్టడం కన్నా కష్టమని అప్పుడే తెలిసింది. భుజం కాదు, మొహం నొప్పెట్టింది.

బీటుపెట్టె చాలా హుషారుగా ఉంది. కానీ రేకుల షెడ్డు డ్రమ్ముకొక న్యాయం, పెట్టెకొక న్యాయం చెయ్యదు. పెట్టెలోంచి ఒక దెబ్బ వస్తే, దాని కవలపిల్ల రేకుల్లోంచి దిగేది. ఏది ముందుదో ఏది వెనకదో తెలియక క్లారినెట్ తాత ఒకదాన్ని పట్టుకున్నాడు, చిన్నమామగారు ఇంకోదాన్ని. మొగుడు పెళ్ళాం చెయ్యి చూసి కొట్టాడు, ఆ చెయ్యేమో కొట్టడం లేదు. పాట ఎలాగో అయింది. ముందు వరసలో వాళ్ళు మర్యాదకి చప్పట్లు కొట్టారు.

రెండో పాట మొదలైంది. తాత తన వంతు రాగానే ఊదబోయి, ఎక్కడ అందుకోవాలో తెలియక ఆగిపోయాడు. వెనక్కి తిరిగి ఇస్త్రీ అక్క వంక చూశాడు. ఏమీ అడగలేదు. ఊరికే చూశాడు, బస్సు తప్పిపోయిన మనిషి రోడ్డుని చూసినట్టు.

ఆవిడ కర్ర ఎత్తింది. ఈసారి ఆపలేదు.

దెబ్బ పడింది, అయిపోయింది. రేకులకి అందేంత తోక లేదు దానికి. ఇంకోటి పడింది. మేకులు దిగేసినట్టు ఒక్కొక్కటీ దాని చోటులో అది. తాత మూడో దెబ్బకి అందుకున్నాడు. చిన్నమామగారు బాకా దించకుండానే వెనక్కి తిరిగి అరచెయ్యి చూపించాడు, ఆపమని. ఆవిడ ఆ అరచేతిని చూసింది. బాగా చూసింది. చూస్తూనే కొట్టింది.

ఆయన బాకా దించేసి డ్రమ్ము దగ్గరికే వచ్చాడు. "ఆపుతావా ఆపవా?" పళ్ళ సందుల్లోంచి అన్నాడు.

"ఆపను."

"దిండు కుక్కానన్నావ్."

"నేననలేదు. మీ వంతు వస్తోంది చిన్నమామయ్యా. వెళ్ళి ఊదండి, తప్పిపోతారు."

ఆయన తాళాలవైపు తిరిగాడు. "నువ్వైనా చెప్పరా!"

మొగుడి మొహం ఉతికి పిండిన గుడ్డలా ఉంది. బాబాయిని చూశాడు, పెళ్ళాం చేతిని చూశాడు. అంతలో చెయ్యి దిగింది. తాళాలు పట్టినప్పట్నుంచీ వాడికి తెలిసిన పని ఒక్కటే, ఆ చెయ్యి దిగినప్పుడు కొట్టడం. రెండు తాళాలూ బాబాయి మొహం ముందే భళ్ళుమన్నాయి. చిన్నమామగారు రెండడుగులు వెనక్కి వేశాడు.

షెడ్డు చివర అత్తగారు లేచి నిలబడింది. పెద్ద తలుపు గడియ తీసి, రెండు చేతులతో తోసింది. బయట బట్టల మూటల మీద కూర్చుని బీడీలు కాలుస్తున్న లోడింగు కూలీలు తలెత్తారు.

"తలుపు కొడుతోందెవరు పెద్దమ్మా?" అన్నాడొకడు.

"ఎవరూ కాదు," అందావిడ. "మా కోడలు కొడుతోంది. బయట కూర్చున్నారేం, లోపలికి రండి."

వాళ్ళు బీడీలు పారేసి వచ్చారు.

చిన్నమామగారు ఇంకేం చేస్తాడు? బాకా ఎత్తి ఊదాడు. మంచి ఊపిరి ఆయనది, అది ఎవరూ కాదనలేరు. డ్రమ్ము దెబ్బల మీద అడుగు వేసి నడిచింది బాకా, దాని వెనకే తాత. చివరి దెబ్బ పడింది. అందరూ ఒక్కసారి ఆగారు.

ఆగనిది పెట్టె ఒక్కటే. పాట అయిపోయిందని దానికెవరూ చెప్పలేదు. నిశ్శబ్దంలో దాని పాటికి అది టకటకమంటూ పోతోంది. ముందు కూలీలు నవ్వారు, తర్వాత షెడ్డంతా. చిన్నమామగారు మీట కోసం తడుముకుంటుంటే ఇంకా నవ్వారు.

సామాన్లు సర్దుతుంటే ఆయన వచ్చి డ్రమ్ము ముందు నిలబడ్డాడు. చెవులు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

"వచ్చే ఏడాది నువ్వు బ్యాండులో ఉండవు."

"ఉంటాను," అంది ఇస్త్రీ అక్క, మరలు సరిచూసుకుంటూ. "డ్రమ్ము మా మామగారిది. పేరొక్కటే లాండ్రీది. కావాలంటే పేరు చెరిపి ఇస్తాను. స్టేజీ ఎక్కనివ్వకపోతే తలుపు బయట కూర్చుని కొడతాను. మీరు లోపల ఊదుకోండి. తాత ఎటు వింటాడో చూద్దాం."

తాత క్లారినెట్ తుడుచుకుంటున్నాడు. తల ఎత్తలేదు గానీ, తుడవడం ఆపాడు.

చిన్నమామగారు నడిచి వస్తున్న వదినగారి మీద పడ్డాడు. "దిండు డ్రమ్ములో ఉందన్నావే! ఏదీ దిండు?"

అత్తగారు చంకలోంచి దిండు తీసి చూపించింది. బల్ల గట్టిగా ఉంటుందని ఇంటి దగ్గర్నుంచి తెచ్చుకుంది.

"ఇదుగో మరిదీ. పొద్దుట్నుంచీ దీని మీదే కూర్చున్నాను." అని దాన్ని ఆయన చేతుల్లో పెట్టింది. "తీసుకో. నీ పెట్టెలో కుక్కు."

ఆయన దిండు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఇస్త్రీ అక్క డ్రమ్ము పట్టీ భుజానికి తగిలించుకుంది. తలుపు ఇంకా తెరిచే ఉంది. గుమ్మం దాటుతూ, ఊరికే, ఒక దెబ్బ వేసింది.