పది వేళ్ల లెక్క

కోతమిల్లులో ఆయన్ని అందరూ పదివేళ్లాయన అంటారు. ముప్పై ఏళ్లు రంపం ముందు నిలబడి వేళ్లన్నీ మిగుల్చుకున్నవాడు అక్కడ మరొకడు లేడు. పక్క రంపం మీద పనిచేసే నలుగురికీ కలిపితే ముప్పై నాలుగు వేళ్లే తేలతాయి.

ఆయన పెట్టిన పద్ధతి ఒకటుంది. స్విచ్ వేసే ముందు, దుంగను తోసేవాడూ అవతల లాగేవాడూ చేతులెత్తి చూపించుకోవాలి. ఎదుటివాడి వేళ్లు చూసి "పది" అనాలి. ఇంట్లో పడుకుని లేచేసరికి వేళ్లేమీ మాయమైపోవు. మనిషితో పాటు మనసు కూడా పనిలోకి వచ్చిందో లేదో చూసుకోవడానికే అది.

ఆ రోజు ఆయనకు ఆఖరి రోజు. రేపటి నుంచి రంపం అల్లుడిది. ఆరునెలలుగా అవతలి వైపు నిలబడి పని నేర్చుకుంటున్నాడు.

పొద్దున్నే కూతురు వచ్చింది. ఎడమ కన్ను వాచి మూసుకుపోయింది. పెదవి చిట్లి, నెత్తురు నల్లగా గడ్డకట్టింది.

"కొట్టాడా?"

"పనికి వెళ్లు నాన్నా. ఆఖరి రోజు గొడవ పడకు."

"ఇదే మొదటిసారా?"

ఆమె కొంగు మొహం మీదికి లాక్కుంది.

మిల్లు దాకా అల్లుణ్ణి చంపుతూనే నడిచాడు. ఒక సందులో గొంతు పిసికాడు, ఇంకో సందులో తల గోడకేసి బాదాడు. గేటు దగ్గరికి వచ్చేసరికి తేలిక దారి తట్టింది. దుంగ కొస దగ్గర అల్లుడి చేతులు రంపానికి జానెడు దూరంలో ఉంటాయి. ఒక్క తోపు చాలు, కొట్టిన చెయ్యి ఇక ఉండదు. ప్రమాదం అనుకుని ఊరుకుంటారు. ఇన్నేళ్ల మంచిపేరు అందుకైనా పనికొస్తుంది.

అల్లుడు చేతులెత్తాడు గానీ తల ఎత్తలేదు. "పది" అన్నాడు నేలచూపులు చూస్తూ.

"పది" అన్నాడు ఆయనా, చూడకుండానే. ముప్పై ఏళ్లలో అలా అనడం అదే మొదటిసారి.

రంపం అరిచింది. దుంగ కదిలింది. ఆయన కళ్ల ముందు దుంగ లేదు. వాచిన కన్ను ఉంది, తెగిపడిన చెయ్యి ఉంది, వాడి కేక ఉంది. ఆ కేక నిజంగానే వినిపించింది. ప్రాణం హాయిగా అనిపించింది కూడా. అరుస్తున్నది తనేనని తర్వాత గానీ తెలియలేదు.

అల్లుడు ఒక్క గెంతున స్విచ్ ఆపాడు. రంపపు పొట్టు ఎర్రగా తడిసింది. ఆయన కుడి చూపుడు వేలు బల్ల మీద పడి ఉంది.

"అయ్యో మావయ్యా! చూసుకోవద్దూ!" అంటూ వాడు తువ్వాలు చుట్టబోయాడు.

అప్పుడు చూశాడు ఆయన ఆ చేతుల్ని. కుడి బొటనవేలి మొదట్లో పళ్లగాట్లు. పిల్ల ఊరికే తన్నులు తినలేదన్నమాట.

ఎడమచేత్తో జుట్టు పట్టి వాడి మొహాన్ని బల్లకేసి కొట్టాడు. ముక్కు పగిలింది. మళ్లీ కొట్టాడు. చెంపను ఆగిన రంపం పళ్లకు ఆనించి అదిమాడు. నెత్తురోడుతున్న చెయ్యి స్విచ్ మీదికి వెళ్లింది.

వేలు పోయిన చోటి నుంచి నొప్పి భుజం దాకా తన్నుకొచ్చింది. ఆ నొప్పి ఆయన్ని ఎక్కడికీ పోనివ్వలేదు. రంపం కనిపించింది, వెక్కుతున్న అల్లుడి నోరు కనిపించింది, స్విచ్ మీద ఉన్న తన చెయ్యి కనిపించింది. పొద్దుటి నుంచి ఆయన ఉన్నచోటే ఆయన మనసు కూడా ఉండటం అదే మొదలు. చెయ్యి తీసేశాడు.

"నా కూతురు నా ఇంట్లోనే ఉంటుంది. ఆ గుమ్మం తొక్కావో, ఈసారి చూసి మరీ కోస్తాను."

అల్లుడు మళ్లీ మిల్లు మొహం చూడలేదు. నెల తర్వాత ఆ రంపం ముందు కూతురు నిలబడింది. చిన్నప్పటి నుంచి అన్నం తెచ్చిపెడుతూ ఆ పని చూసిన పిల్లే. ఆడపిల్లకు రంపమేమిటని యజమాని గొణిగాడు. పదివేళ్లాయన ఉరిమి చూసేసరికి నోరు మూసుకున్నాడు. పేరు మాత్రం అలాగే ఉండిపోయింది.

నేర్పడానికి ఆయన అవతల నిలబడి చేతులెత్తాడు. ఆమె ఒక్కో వేలూ చూసింది. అబద్ధం చెప్పలేదు.

"తొమ్మిది."

తర్వాత ఆమె చేతులెత్తింది. ఆయన తొందరపడలేదు. వేళ్లన్నీ చూసి, చివరికి ఆమె కళ్లలోకి చూశాడు.

"పది" అన్నాడు.

స్విచ్ ఆమే వేసింది.