సాయవ్వ వేలిముద్ర

తెల్ల చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుని, ఫైలును గుండెలకు ఆనించుకుని బడే సాహెబ్ అబుదాబిలో, ముసఫ్ఫా కార్మికవాడ నుంచి వచ్చిన బస్సు దిగాడు. పందొమ్మిదేళ్లుగా కంపెనీలో ఎవరు పోయినా వాళ్ల కాగితాలు మోసేది ఆయనే. ఆ రోజు మాత్రం చొక్కాకు ఇస్త్రీ తప్పదు. పోయినవాడికి ఆ మాత్రం మర్యాద ఉండాలంటాడు.

ఇవాళ లింబాద్రి. పన్నెండులోగా చివరి కాగితం మీద ముద్ర పడితే సాయంత్రమే విమానం. లేదంటే రేపటి నుంచి ఈద్ సెలవులు. శవపెట్టె ఇంకో వారం చలిగదిలోనే. మొగుడి మొహం చూసేదాకా పొయ్యి వెలిగించనని ఊళ్లో సాయవ్వ పట్టుబట్టి కూర్చుంది.

ఎంబసీ కిటికీలోని గుమాస్తా ఆమె అంగీకార పత్రాన్ని అటూ ఇటూ తిప్పాడు. "ప్లాస్టిక్ మీద ముద్ర పడదు చాచా. ఈ పొర లేని కాగితం తెండి."

వెంట వచ్చిన లింబాద్రి ఊరివాడు, నలభై ఏళ్ల అంజి, తల దించుకున్నాడు. "నేనే ఫోన్ల జెప్పిన చాచా. అక్క ఏలిముద్ర చెరిగిపోతదేమోనని లామినేషన్ జేపియ్యమన్న."

"భద్రం కోసమే గదప్పా చెప్పింటివి. యల్లా, నడువు."

సందు చివర ఖాజా ఇస్త్రీ దుకాణం. "కమీజులు తెస్తరు గని, కాగితానికి ఇస్త్రీ ఏంది చాచా? మడత గూడ పెట్టియ్యాల్నా?" అని నవ్వాడు ఖాజా. అది ఎవరి కాగితమో విన్నాక తన రుమాలు తడిపి దానిమీద పరిచాడు.

ఇస్త్రీపెట్టె మెల్లగా కదిలింది. ఆవిరిలో బడే సాహెబ్‌కు భార్య హబీబున్నీసా రొట్టెలు కాల్చే వాసన తగిలింది. ఆమె పోయినప్పుడూ ఇలాగే సెలవులు. ఆయన ఊరెళ్లే కాగితం మీద సంతకం పడేసరికి అక్కడ ఫాతిహా ప్రార్థనలు కూడా అయిపోయాయి. బడే సాహెబ్ గోటితో ప్లాస్టిక్ అంచు పట్టి లాగాడు. పాల మీది మీగడలా పైపొర లేచి వచ్చింది. కింద వేలిముద్ర చెదరలేదు.

పన్నెండు దాటి నాలుగు నిమిషాలు. మిగతా కిటికీలన్నీ మూశారు. ఆ ఒక్కటి తెరిచే ఉంది. గుమాస్తా ముద్ర కొట్టాడు.

ఉపవాసం విడిచే మగ్రిబ్ వేళకు క్యాంపు అరుగు మీద ఖర్జూరం నోటిదాకా తెచ్చి బడే సాహెబ్ ఆగాడు. పైన ఆకాశంలో ఒక దీపం మెల్లగా తూర్పుకు సాగుతోంది.

"గదేనా చాచా?" అన్నాడు అంజి.

"అదేనప్పా."

ఖాజా బల్లమీద, ఆరిన రుమాలు పక్కన, ఆ పల్చటి ప్లాస్టిక్ పొర ఇంకా ఉంది. దాని లోపలివైపు నీలంగా, నీడలా, సాయవ్వ బొటనవేలి గీతలు.